గ్యాస్ బిళ్ల ఎప్పుడు వేసుకోవాలి, ఎప్పుడు మానాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు, పై పొట్టలో నొప్పి, తిన్నాక ఉబ్బరం... అన్నింటినీ మనవాళ్లు ‘గ్యాస్’ అనే ఒక్క మాటలో చుట్టేస్తారు. ఒక్కోసారి గుండె నొప్పి కూడా ఆ మూటలోకే వెళ్తుంది. మందుల షాపులో చేతికొచ్చే బిళ్ల కూడా ఒకటే. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి చిక్కు అక్కడే ఉంది. ఒకేలాంటి వాటిని కలిపి జవాబిస్తున్నాం. ఇక్కడ చెప్పిన మోతాదులు పెద్దవాళ్లవి. పిల్లలకూ, కిడ్నీ, లివర్ జబ్బులున్నవాళ్లకూ లెక్క వేరు.

ప్రశ్న: బీసెంట్ రోడ్డులో బట్టల కొట్టు నాది. వయసు 46. మూడు నెలలుగా పాంటోప్రజోల్ 40 వాడుతున్నాను. టిఫిన్ తిని కొట్టుకి వచ్చాక, పదిన్నర ప్రాంతంలో గుర్తొచ్చినప్పుడు వేసుకుంటాను. రాత్రి పడుకున్నాక మంట మాత్రం తగ్గట్లేదు. మందు మార్చాలా, డోసు పెంచాలా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు వేళ మార్చండి. మిగతావి తర్వాత చూడొచ్చు.

కడుపు గోడలో కొన్ని కణాలకు యాసిడ్‌ని బయటికి తోడే పంపులుంటాయి. తిండి తగిలినప్పుడు అవి ఆన్ అవుతాయి, కడుపు ఖాళీ అయ్యాక చాలావరకు ఆగిపోతాయి. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్, రాబెప్రజోల్, ఇసోమెప్రజోల్... పేరు చివర ‘ప్రజోల్’ ఉన్న ఈ మందులు నడుస్తున్న పంపునే పట్టుకోగలవు. ఆగి ఉన్న పంపు జోలికి పోలేవు. పైగా మీరు మింగిన బిళ్ల కడుపులో కరగదు. యాసిడ్ తగిలితే మందు పాడవుతుంది కాబట్టి పైన పూత వేస్తారు. ఆ పూత చిన్నపేగులోకి వెళ్లాకే విడుతుంది. అక్కడి నుంచి మందు రక్తంలో కలిసి, చుట్టూ తిరిగి మళ్లీ కడుపు కణాలకే చేరాలి. రక్తంలోకి వచ్చిన మందు గంట, గంటన్నరకే సగానికి పడిపోతుంది. ఆ కాస్త వ్యవధిలో పంపులు ఆన్‌లో ఉండాలి. మీ విషయంలో టిఫిన్ ఎప్పుడో అరిగిపోయి, పంపులు ఆగే వేళకి మందు వస్తోంది.

అందుకే తిండికి అరగంట నుంచి గంట ముందు వేసుకోమంటారు. ఎనిమిదిన్నరకి ఇడ్లీ తింటారనుకుంటే ఏడూముప్పావుకి బిళ్ల, గ్లాసు మంచినీళ్లు. మన ఇళ్లలో అసలు చిక్కు పొద్దున్నే తాగే కాఫీ. ఆరింటికి కాఫీ పడకపోతే లేవలేనివాళ్లు, బిళ్లని అయిదున్నరకి వేసుకోవడమో, కాఫీని టిఫిన్‌తో పాటు జరపడమో చేయాలి. ‘పరగడుపున వేసుకున్నాను’ అని చెప్పి, ఆ తర్వాత పదకొండు దాకా ఏమీ తినకపోయినా మందు వృథాయే.

ఒకసారి పట్టుబడిన పంపు మళ్లీ పని చేయదు, దాని స్థానంలో కొత్తది పుట్టాలి. ఒక్క బిళ్ల రోజంతా కాసేది అందువల్లే. మొదటి రోజే అన్ని పంపులూ చిక్కవు కాబట్టి పూర్తి ఫలితానికి మూడు నుంచి ఐదు రోజులు పడుతుంది. మంట వచ్చినప్పుడు ఒకటి వేసుకుని, లేనప్పుడు మానేసేవాళ్లకి ఈ మందు పెద్దగా ఉపయోగపడదు. అప్పటికప్పుడు ఉపశమనానికి జెలూసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్ ద్రవమే మేలు.

మీ బాధ రాత్రిపూట కాబట్టి బిళ్లని రాత్రి భోజనానికి అరగంట ముందుకు మార్చమని డాక్టర్ చెప్పొచ్చు, లేదా రెండు పూటలా వేసుకోమనొచ్చు. అయితే పదింటికి కొట్టు కట్టేసి, పదిన్నరకి భోంచేసి, పదకొండుకి పడుకుంటే ఏ మందూ పూర్తిగా గెలవదు. నిండిన కడుపుతో అడ్డంగా పడుకుంటే అన్నవాహిక కింది కవాటం దాటి యాసిడ్ పైకి రావడం తేలిక. ఏడున్నరకి కొట్టులోనే రెండు చపాతీలు తినేయండి. ఇంటికెళ్లాక మజ్జిగ చాలు. మంచం తలవైపు కాళ్ల కింద ఆరంగుళాల చెక్కలు పెట్టండి. దిండు మీద దిండు వేస్తే మెడ వంగి, పొట్ట నొక్కుకుని బాధ పెరుగుతుంది. ఎడమ పక్కకి తిరిగి పడుకోవడం కూడా పనికొస్తుంది.

ఇంకో మాట. 40 బిళ్లని సగానికి విరిచి ‘ఇరవై చేసుకునేవాళ్లు’ చాలామంది ఉన్నారు. విరిస్తే పూత పోతుంది, నమిలినా అంతే. 20 కావాలంటే 20 మి.గ్రా. బిళ్లే కొనండి. వేళ సరిచేసుకుని ఎనిమిది వారాలు సక్రమంగా వాడినా మంట తగ్గకపోతే, డోసు పెంచేలోపు ఎండోస్కోపీ (గొట్టంతో కడుపు లోపల చూసే పరీక్ష) గురించి అడగాలి.

ప్రశ్న: మిర్చి యార్డులో పని నాది. ఇంట్లో కూడా కారం ఎక్కువే. కడుపులో పుండు పడిందన్నారు. కారం మానేస్తే పుండు మానుతుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కారం పుండుని పుట్టించదు. పుండు ఉన్నచోట కారం పడితే మండుతుంది, అంతే. మంట అనిపించినన్నాళ్లు తగ్గించుకోండి. కానీ కారం మానేసి అసలు కారణాన్ని వదిలేస్తే పుండు మళ్లీ వస్తుంది.

అసలు కారణాలు చాలావరకు రెండే. ఒకటి డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు. రెండోది హెలికోబాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా. యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని డాక్టర్లే నమ్మిన రోజుల్లో, 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బారీ మార్షల్, రాబిన్ వారెన్ దీన్ని ల్యాబులో పెంచగలిగారు. ఈస్టర్ సెలవుల వల్ల పళ్లేలు మామూలు కంటే ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడం కలిసొచ్చింది. 1984లో మార్షల్ ఆ క్రిమి ద్రావణాన్ని తానే తాగి కడుపు వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. మీ ఎండోస్కోపీ రిపోర్టులో ‘రాపిడ్ యూరియేజ్ టెస్ట్’ లేదా బయాప్సీ ఫలితం ఉందేమో చూడండి. లేకపోతే ఆ పరీక్ష అడిగి చేయించుకోండి. సిగరెట్ ఉంటే మానండి. అది పుండు మానడాన్ని నిజంగానే ఆలస్యం చేస్తుంది, కారం కంటే దాని మీదే దృష్టి పెట్టాలి.

ప్రశ్న: హెచ్ పైలోరి ఉందని 14 రోజుల కిట్ ఇచ్చారు. ఐదో రోజుకే నోరంతా చేదు, లోహం నాకినట్టు ఉంది. విరేచనాలు కూడా. కడుపు నొప్పి తగ్గిపోయింది కదా అని ఆపేశాను. ఏమైనా ఇబ్బందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: ఇబ్బందే అమ్మా. నొప్పి తగ్గించింది కిట్‌లో ఉన్న యాసిడ్ మందు. క్రిమి ఇంకా అక్కడే ఉంది. పైగా ఐదు రోజులు యాంటీబయాటిక్ రుచి చూసి తప్పించుకున్న క్రిమి, రెండోసారి అదే మందుకి లొంగకపోవచ్చు.

మామూలుగా ఇచ్చే కిట్‌లో పూటకి మూడు ఉంటాయి: ప్రజోల్ మందు ఒకటి, అమాక్సిసిలిన్ 1 గ్రాము (500 క్యాప్సూళ్లు రెండు), క్లారిత్రోమైసిన్ 500 మి.గ్రా. ఇవి రోజుకి రెండు పూటలు, 14 రోజులు. ఆ లోహపు చేదు క్లారిత్రోమైసిన్‌ది. కోర్సు అయిపోగానే పోతుంది. ప్రజోల్ టిఫిన్‌కి అరగంట ముందు, యాంటీబయాటిక్స్ రెండూ తిన్న వెంటనే వేసుకుంటే కడుపులో తిప్పడం తగ్గుతుంది. చేదు పోవడానికి యాలక్కాయ నోట్లో వేసుకున్నా తప్పేం లేదు. విరేచనాలు రోజుకి మూడు నాలుగు పలచగా అయితే తట్టుకుని కొనసాగించవచ్చు. రక్తం పడినా, జ్వరంతో నీళ్లలా పోతున్నా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా ఆపేసి అదే రోజు డాక్టర్‌ని కలవాలి. పెనిసిలిన్ పడనివాళ్లు అమాక్సిసిలిన్ తీసుకోకూడదని వేరే చెప్పక్కర్లేదు. కొలెస్ట్రాల్‌కి అటోర్వాస్టాటిన్, సింవాస్టాటిన్ వాడేవాళ్లు క్లారిత్రోమైసిన్ మొదలుపెట్టేముందే ఆ సంగతి చెప్పాలి. రెండూ కలిస్తే కండరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది.

మధ్యలో వదిలేసిన కిట్‌నే ఆరో రోజు నుంచి మొదలుపెట్టకండి. డాక్టర్ బహుశా వేరే కలయిక ఇస్తారు: బిస్మత్, టెట్రాసైక్లిన్, మెట్రోనిడజోల్, ప్రజోల్. దీంట్లో బిళ్లలు ఎక్కువ, రోజుకి నాలుగుసార్లు మింగాలి. నాలుక, మలం నల్లబడతాయి. అది బిస్మత్ రంగే, భయపడక్కర్లేదు. టెట్రాసైక్లిన్‌ని పాలతోనో, ఐరన్ బిళ్లతోనో కలిపితే ఒంటికి పట్టదు. నిండు గ్లాసు నీళ్లతో నిలబడి మింగి, అరగంట దాకా పడుకోకూడదు. లేదంటే బిళ్ల అన్నవాహికలో అతుక్కుని అక్కడే పుండు చేస్తుంది. మెట్రోనిడజోల్ వాడినన్నాళ్లు, తర్వాత మూడు రోజుల దాకా మద్యం ముట్టకూడదు.

ఇక చాలామంది వదిలేసేది చివరి మెట్టు. యాంటీబయాటిక్స్ అయిపోయాక నాలుగు వారాలు ఆగి, ప్రజోల్ మందు కనీసం రెండు వారాల ముందే మానేసి, ఊపిరి పరీక్ష (యూరియా బ్రెత్ టెస్ట్) గానీ మలం యాంటిజెన్ పరీక్ష గానీ చేయించుకోవాలి. ప్రజోల్ వాడుతూ చేయిస్తే క్రిమి ఉన్నా ‘లేదు’ అని రావచ్చు. ఆ రెండు వారాలు మంట వస్తే యాంటాసిడ్‌తో నెట్టుకురండి. రక్తంలో యాంటీబాడీ పరీక్ష మాత్రం ఇందుకు పనికిరాదు. క్రిమి పోయినా అది నెలలు, ఏళ్ల తరబడి పాజిటివ్ చూపిస్తూనే ఉంటుంది.

ప్రశ్న: మా అత్తయ్యకి 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. షాపులో అడిగి అసిక్లోఫెనాక్ తెచ్చుకుంటుంది, ‘గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటున్నాగా’ అంటుంది. గుండెకి స్టెంట్ వేశారు కాబట్టి ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ కూడా ఉన్నాయి. కడుపు నొప్పేం లేదు. ఇలా కొనసాగించవచ్చా?
– ఒక కోడలు, పటమట

జవాబు: కొనసాగించకూడదు. నొప్పి లేకపోవడం చూసి ధైర్యపడొద్దు. పెద్ద వయసులో నొప్పి మాత్రల వల్ల వచ్చే పుండు చాలాసార్లు నొప్పి లేకుండానే ఉంటుంది. తారులాంటి నల్లటి, జిగట విరేచనంతోనో రక్తపు వాంతితోనో మొదటిసారి బయటపడుతుంది.

నొప్పి మాత్ర కడుపులో కరిగి పుండు చేస్తుందని చాలామంది అనుకుంటారు. అందుకే ‘ఇంజక్షన్ అయితే కడుపుకి ఏం కాదు’ అని ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ చేయించుకుంటారు. అది పొరపాటు. కడుపు గోడ మీద జిగురు పొరని, రక్త ప్రసారాన్ని కాపాడే ప్రోస్టాగ్లాండిన్లను ఈ మందులు రక్తంలో ఉండి తగ్గిస్తాయి. ఇంజక్షన్, పూత వేసిన బిళ్ల, మలద్వారంలో పెట్టేది, ఏ దారిన వెళ్లినా అదే పని చేస్తాయి.

మీ అత్తయ్య విషయంలో ప్రమాదాలు ఒకదానిమీద ఒకటి పేరుకున్నాయి: వయసు, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వాటిపైన అసిక్లోఫెనాక్. వీటిలో ముందు తీసేయాల్సింది అసిక్లోఫెనాక్. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌లను మాత్రం గుండె డాక్టర్ చెప్పకుండా ఒక్క రోజు కూడా ఆపొద్దు. స్టెంట్ మూసుకుపోతే ప్రాణం మీదకి వస్తుంది. మోకాళ్లకి పారాసెటమాల్ 650 పూటకొకటి చొప్పున రోజుకి మూడు దాకా, పైన రాయడానికి డైక్లోఫెనాక్ జెల్, తొడ కండరాలకి వ్యాయామం చూడండి. కొనేటప్పుడు షీటు వెనక్కి తిప్పి చదవండి. ‘పారాసెటమాలే’ అని ఇచ్చిన బిళ్లలో అసిక్లోఫెనాక్ కూడా కలిసి ఉండటం మామూలే. ‘కడుపుకి మంచిది’ అంటూ ఎటోరికోక్సిబ్ ఇచ్చినా తీసుకోవద్దు. కడుపుకి కాస్త నయమే గానీ గుండె రోగికి తగదు.

ఆ ‘గ్యాస్ బిళ్ల’ ఏదో చూడండి. జెలూసిల్, డైజీన్ లాంటి యాంటాసిడ్లు పుండుని ఆపలేవు. ప్రజోల్ మందే కాపాడుతుంది, ఈవిడకి అది రోజూ అవసరం. ఒమెప్రజోల్, ఇసోమెప్రజోల్ అయితే క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి, పాంటోప్రజోల్‌తో ఆ ఇబ్బంది తక్కువ. చీటీ చూపించి ఈ ఒక్క ముక్క గుండె డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: నాకు 29. పెళ్లి కాలేదు. మూడు నెలలుగా నెలసరి సరిగా రావట్లేదు, రొమ్ముల నుంచి పాలలాంటివి కారుతున్నాయి. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. ఏడాదిగా రాబెప్రజోల్‌తో ‘ఎల్‌ఎస్‌ఆర్’ అని ఉన్న క్యాప్సూల్ వాడుతున్నాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?
– పేరు వద్దన్నారు, గుంటూరు

జవాబు: ఉండే అవకాశం చాలా ఎక్కువ. ఇందులో సిగ్గుపడాల్సింది మీరు కాదు. ఉబ్బరానికి ఏడాదిపాటు ఈ మందు వేసుకోనిచ్చిన అలవాటుది తప్పు.

మీ క్యాప్సూల్‌లో రెండో మందు లెవోసల్పిరైడ్. కడుపుని త్వరగా ఖాళీ చేయించడానికి కలుపుతారు. కొన్నింటిలో దాని బదులు డోంపెరిడోన్ ఉంటుంది, పేరు చివర ‘డి’ అని ఉండేవి సాధారణంగా అవే. రెండూ ప్రొలాక్టిన్ హార్మోన్‌ని పెంచుతాయి. పాలు రావడం, నెలసరి తప్పడం దానివల్లే. లెవోసల్పిరైడ్ మెదడు మీద కూడా పని చేస్తుంది. పెద్దవాళ్లలో చేతులు వణకడం, నడక నెమ్మదించడం, ముఖం బిగుసుకుపోవడం కనిపిస్తే, పార్కిన్సన్స్ అని బెంబేలెత్తేముందు ఈ క్యాప్సూల్ ఉందేమో చూడాలి. డోంపెరిడోన్‌తో గుండె లయ తప్పే ముప్పు ఉంది. అందుకే 2014లో యూరప్ మందుల నియంత్రణ సంస్థ వికారం, వాంతులకే పరిమితం చేసి, పూటకి 10 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు మించకుండా, వారంలోపే వాడమంది. మన దగ్గర పాంటోప్రజోల్‌తో కలిపిన 30 మి.గ్రా. క్యాప్సూల్‌ని నెలల తరబడి మింగుతున్నారు. ఫ్లూకోనజోల్, క్లారిత్రోమైసిన్ లాంటివి తోడైతే ముప్పు ఇంకా పెరుగుతుంది.

మీరు ముందు గర్భ పరీక్ష, ప్రొలాక్టిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. డాక్టర్‌కి క్యాప్సూల్ షీటే చూపించండి. మందు మానాక కొన్ని వారాల్లో చాలామందికి సర్దుకుంటుంది. తగ్గకపోయినా, తలనొప్పి, చూపు మసక ఉన్నా తలకి స్కాన్ అవసరం కావచ్చు. యాసిడ్ మందు ఇంకా కావాల్సి ఉంటే ఒక్క రాబెప్రజోల్ చాలు.

ప్రశ్న: ర్యానిటిడిన్ మాకు అలవాటు. నిషేధించారని ఒకరు, లేదని ఒకరు.
– ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: 2019లో దాంట్లో ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ కారక మలినం దొరికింది. నిల్వ ఉన్నకొద్దీ, వేడి తగిలినకొద్దీ అది పెరుగుతుందని తేలాక 2020 ఏప్రిల్‌లో అమెరికా అన్ని బ్రాండ్లనూ వెనక్కి తీసుకోమంది. మన దేశం 2022లో అత్యవసర మందుల జాతీయ జాబితా నుంచి తీసేసింది, అమ్మకం మాత్రం ఆపలేదు. మే నెల బెజవాడ ఎండలో షాపు అరలో ఆ బిళ్ల ఎంత వేడెక్కుతుందో మీరే ఊహించుకోండి. అదే జాతి మందు ఫామోటిడిన్ ఉంది, 20 మి.గ్రా. లేదా 40 మి.గ్రా. ఆ మలినం గొడవ దానికి లేదు. ఎప్పుడో ఒకసారి రాత్రి మంటకి బాగుంటుంది. రోజూ వాడితే మాత్రం ఒకటి రెండు వారాల్లో ఒళ్లు అలవాటు పడి పని తగ్గుతుంది. కిడ్నీ జబ్బుంటే డోసు తగ్గించాలి.

ప్రశ్న: ఆరేళ్లుగా రోజూ ఒమెప్రజోల్. కిడ్నీలు పోతాయని, ఎముకలు గుల్లవుతాయని వాట్సాప్‌లో చూసి భయమేసి ఆపేశాను. నాలుగో రోజుకి మునుపటికంటే ఘోరంగా మంట. అంటే జీవితాంతం వాడాల్సిందేనా?
– ఒక పాఠకుడు, గొల్లపూడి

జవాబు: ఆ ఘోరమైన మంట మీ జబ్బు తిరగబెట్టిందనడానికి రుజువు కాదు. యాసిడ్‌ని ఏళ్లపాటు నొక్కి ఉంచితే, తక్కువైందని ఒళ్లు గ్యాస్ట్రిన్ హార్మోన్‌ని పెంచుకుంటూ పోతుంది, యాసిడ్ తయారుచేసే కణాలు కూడా పెరుగుతాయి. మందు ఒక్కసారిగా తీసేస్తే అవన్నీ కలిసి విజృంభిస్తాయి. ఏ కడుపు జబ్బూ లేనివాళ్లకి కొన్ని వారాలు ఇచ్చి ఆపినా మంట రావడం పరిశోధనల్లో కనిపించింది. ఇది కొన్ని వారాల్లో దిగిపోతుంది. ఆ వారాలు దాటలేక మళ్లీ బిళ్ల అందుకునేవాళ్లే ఎక్కువ.

దిగే పద్ధతి ఇది. రోజూ 40 అయితే రెండు వారాలు 20కి రండి. తర్వాత రెండు వారాలు రోజు విడిచి రోజు. ఆపైన మానేయండి. మధ్యలో మంట వచ్చిన రోజు తిన్న తర్వాత ఆల్జినేట్ ఉన్న ద్రవం 10 మి.లీ. తాగండి. అది కడుపులో యాసిడ్ మీద తెట్టులా తేలి పైకి రానివ్వదు. కడుపులో ఏదైనా ఉండాలి కాబట్టి భోజనమయ్యాకే తాగాలి. రాత్రి బాధ ఎక్కువైతే ఫామోటిడిన్ 20 ఒకటి. అప్పటికీ నెల దాటాక మంట అలాగే ఉంటే, మీకు నిజంగానే మందు అవసరమని అర్థం. అతి తక్కువ డోసులో కొనసాగించండి.

ఒక్కమాట, అందరూ మానకూడదు. అన్నవాహికలో తీవ్రమైన పుళ్లు, బారెట్స్ మార్పు (అన్నవాహిక లోపలి పొర మారిపోవడం), అన్నవాహిక ఇరుకు ఉన్నవాళ్లు, ఒకసారి పుండు నుంచి రక్తం పోయి ఆస్పిరిన్ వాడక తప్పనివాళ్లు దీన్ని ఆపితే నష్టమే. మీకు మొదట ఎందుకు రాశారో పాత ఫైల్లో వెతకండి. ‘జ్వరానికి యాంటీబయాటిక్ ఇస్తూ తోడుగా రాసింది’ అని తేలడం అరుదేం కాదు.

వాట్సాప్ భయాల సంగతి: కిడ్నీ వాపు అరుదుగా నిజంగానే వస్తుంది. తుంటి విరుపు, కిడ్నీ నెమ్మదిగా తగ్గడం లాంటివి ఎక్కువకాలం వాడినవాళ్లలో కాస్త ఎక్కువగా కనిపించాయి గానీ, మందే చేసిందని గట్టిగా తేలలేదు. బీ12 తగ్గడం మీద మాత్రం కన్ను వేయాలి, ముఖ్యంగా షుగర్‌కి మెట్‌ఫార్మిన్ కూడా వాడేవాళ్లు. అదీ బీ12ని తగ్గిస్తుంది. పిక్కలు పట్టేస్తున్నా, నీరు తగ్గే బిళ్లలు వాడుతున్నా మెగ్నీషియం చూపించుకోండి. కాల్షియం వాడేవాళ్లు కార్బొనేట్ బదులు సిట్రేట్ రకం అడగండి. కార్బొనేట్ కరగాలంటే యాసిడ్ ఉండాలి.

ప్రశ్న: నాకు థైరాయిడ్ బిళ్ల, కాల్షియం ఉన్నాయి. ఇప్పుడు పుండుకి పాంటోప్రజోల్‌తో పాటు సుక్రాల్‌ఫేట్ సిరప్ రాశారు. అన్నీ పరగడుపునే అంటున్నారు. ఏది ముందు?
– ఒక గృహిణి, బ్రాడీపేట

జవాబు: సుక్రాల్‌ఫేట్ పుండు మీద అంటుకుని పూతలా పరుచుకుంటుంది. దారిలో తగిలిన ఇతర మందుల్ని కూడా అంటించుకుని మోసుకుపోవడమే దాని గుణం, దోషం. థైరాయిడ్ బిళ్లకి దాన్ని నాలుగు గంటలు దూరం పెట్టాలి, మిగతావాటికి రెండు గంటలు. గోడకి ఇలా రాసుకోండి: అయిదున్నరకి థైరాయిడ్ బిళ్ల, నీళ్లతో. ఏడున్నరకి పాంటోప్రజోల్. ఎనిమిదింపావుకి టిఫిన్, కాఫీ. పదకొండున్నరకి సుక్రాల్‌ఫేట్ 1 గ్రాము. ఒంటిగంటకి భోజనం. రెండున్నరకి కాల్షియం. ఏడున్నరకి రాత్రి భోజనం. పదింటికి పడుకోబోయే ముందు మళ్లీ సుక్రాల్‌ఫేట్. రోజుకి నాలుగుసార్లు రాసి ఉంటే, ఎక్కడ ఇరికించాలో రాసిన డాక్టర్‌నే అడగాలి.

సీసా బాగా కుదపాలి, మందంతా అడుగున పేరుకుంటుంది. 1 గ్రాముకి 5 మి.లీ. అవుతుందో 10 మి.లీ. అవుతుందో లేబుల్ మీద చూసి కొలమూతతోనే పోసుకోండి. మలబద్ధకం వస్తుంది. కిడ్నీ జబ్బుంటే దీంట్లోని అల్యూమినియం ఒంట్లో పేరుకుపోతుంది. ప్రజోల్ సరిగా వాడుతున్నప్పుడు మామూలు పుండుకి సుక్రాల్‌ఫేట్ అదనంగా చేసేది పెద్దగా లేదని మా అభిప్రాయం. ఈ టైమ్ టేబుల్ తలనొప్పిగా అనిపిస్తే, తప్పనిసరా అని అడగడంలో తప్పు లేదు.

ప్రశ్న: ఏడో నెల. రాత్రి గొంతు దాకా మంట. ఏమైనా వేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, నూజివీడు

జవాబు: మెగ్నీషియం, కాల్షియం, ఆల్జినేట్ ఉన్న యాంటాసిడ్‌తో మొదలుపెట్టవచ్చు. ఐరన్ బిళ్లకి, దీనికి కనీసం రెండు గంటలు తేడా ఉంచండి, లేకపోతే ఐరన్ ఒంటికి పట్టదు. వంటసోడా, ఈనో రకం పొడులు వద్దు. సోడియం ఎక్కువ, కాళ్ల వాపు, బీపీ ఉన్నవాళ్లకి మరీ మంచిది కాదు. చాలకపోతే డాక్టర్ ఫామోటిడిన్ గానీ ఒమెప్రజోల్ గానీ రాస్తారు. మిసోప్రోస్టాల్ అనే పేరు కనిపిస్తే మాత్రం ముట్టుకోవద్దు, గర్భం పోతుంది. పై పొట్ట కుడివైపు నొప్పి, తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు ఉంటే అది మంట కాదు. బీపీ చూపించుకోవడానికి ఆ రాత్రే వెళ్లండి.

ప్రశ్న: విందు భోజనం చేసిన రోజు గోలీ సోడా తాగితే తేన్పు వచ్చి హాయిగా ఉంటుంది. చల్లటి పాలు మంచివా?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్

జవాబు: గోలీ సోడాలో ఉన్న గ్యాసే తేన్పుగా వస్తుంది. దాంతోపాటు కవాటం తెరుచుకుని యాసిడ్ కూడా పైకి వస్తుంది. వంటసోడా ఉన్న పొడి యాసిడ్‌ని నిజంగానే చల్లారుస్తుంది గానీ కాసేపే. ఒక గ్రాము వంటసోడాలో దాదాపు 270 మి.గ్రా. సోడియం ఉంటుంది, బీపీ, గుండె జబ్బులున్నవాళ్లు లెక్కలోకి తీసుకోవాలి. పాలు తాగిన వెంటనే చల్లగా ఉంటుంది. ఆ తర్వాత వాటిలోని కాల్షియం, మాంసకృత్తులు యాసిడ్‌ని మళ్లీ ఊరిస్తాయి. పల్చటి మజ్జిగ మేలు.

ప్రశ్న: మా నాన్నగారికి 58, షుగర్ ఉంది. నిన్న రాత్రి ఛాతీ బరువు, చెమటలు. యాంటాసిడ్ తాగితే కాస్త నెమ్మదించింది. గ్యాసే కదా?
– ఒక పాఠకుడు, సత్తెనపల్లి

జవాబు: ఇది చదువుతున్న పూటే ఈసీజీ తీయించండి. ట్రోపోనిన్ రక్త పరీక్ష కూడా. యాంటాసిడ్‌తో తగ్గినంత మాత్రాన గుండె కాదని తేలదు. గుండె నొప్పి కూడా వచ్చి పోతూ ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి సరిగా తెలియదు కూడా. బరువు, చెమట, దవడకో ఎడమ చేతికో పాకడం, ఆయాసం... వీటిలో ఏది మళ్లీ కనిపించినా 108కి ఫోన్ చేయండి. అలాంటప్పుడు బైక్ మీద కూర్చోబెట్టుకుని వెళ్లొద్దు.

ప్రశ్న: కడుపు పుండుకి ఎనిమిది వారాలు మందు వాడాను, బాధంతా పోయింది. మళ్లీ ఎండోస్కోపీ రమ్మన్నారు. డబ్బు కోసమేనా? ఐరన్ వేసుకుంటున్నాను, మలం నల్లగా ఉంది, భయంగా ఉంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: పుండు ఎక్కడుందన్న దాన్నిబట్టి ఉంటుంది. చిన్నపేగు మొదట్లో, అంటే డ్యుయోడినంలో అయితే నాలుగు వారాల మందు, క్రిమి ఉంటే దానికి చికిత్స, అంతటితో సరి. బాధ పోతే చాలామందికి మళ్లీ గొట్టం అక్కర్లేదు. మీది కడుపులోనే అంటున్నారు. కడుపులోని పుళ్లలో కొన్ని క్యాన్సర్ కావచ్చు. ప్రజోల్ వాడితే అలాంటి పుండు కూడా పైపైన మానినట్టు కనిపిస్తుంది. అందుకే ఎనిమిది, పన్నెండు వారాల మధ్య మళ్లీ చూసి, పూర్తిగా మానకపోతే అంచుల నుంచి ముక్కలు తీసి పరీక్షకి పంపుతారు. డబ్బు దండుకోవడానికని అనుమానించి మానేయకండి. ఖర్చు భారమైతే ప్రభుత్వ ఆసుపత్రిలో చేయించుకోవచ్చు.

మలం సంగతి: ఐరన్ వల్ల నల్లబడితే కాస్త ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, గట్టిగా ఉంటుంది. రక్తం వల్ల అయితే తారులా మెరుస్తూ, జిగటగా, గది దాటి వచ్చే దుర్వాసనతో ఉంటుంది. నీళ్లు పోసినా బేసిన్‌కి అంటుకుంటుంది. అలా ఉన్నా, లేస్తే కళ్లు తిరుగుతున్నా ఎండోస్కోపీ తేదీ కోసం ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. మామూలుగా ఉంటే, చెప్పిన తేదీకి ఎనిమిది గంటలు ఏమీ తినకుండా వెళ్లండి. హెచ్ పైలోరి పరీక్ష కూడా చేస్తారేమో ముందే కనుక్కోండి. చేసేటట్టయితే ప్రజోల్ ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు, పుండు ఇంకా మానుతున్న దశలో మీ అంతట మీరు ఆపొద్దు. మొదటి ఎండోస్కోపీ ఫొటోలు, బయాప్సీ కాగితం వెంట తీసుకెళ్లండి. పాత పుండు ఎక్కడుందో, ఎంతుందో చూసి పోల్చడానికి వాళ్లకి అవే కావాలి.